అడ్రినల్ గడ్డ అని స్కాన్‌లో వస్తే ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

కిడ్నీలో రాయి ఉందేమోనని స్కాన్‌కు పోతే, రాయి సంగతి అటుంచి "కుడి అడ్రినల్‌లో గడ్డ ఉంది" అని రిపోర్ట్ వస్తుంది. ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. సాయంత్రానికి ఎవరో ఫోన్‌లో వెతికి క్యాన్సర్ అంటారు. ఇక ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. మీ ఇంట్లో ఇప్పుడు ఇదే పరిస్థితి అయితే ముందు ఈ సంగతి తెలుసుకోండి. అనుకోకుండా బయటపడే అడ్రినల్ గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. పెద్దవాళ్లకు పొట్ట సీటీ స్కాన్ తీస్తే వందలో నలుగురికి అటూఇటూగా ఇలాంటి గడ్డ కనబడుతుంది. వయసు పైబడేకొద్దీ ఇంకా ఎక్కువ మందిలో కనబడుతుంది. అడ్రినల్ గ్రంథి పైపొరలో పుట్టే అసలు క్యాన్సర్ మాత్రం ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది.

అంత అరుదు కాబట్టే చిక్కు కూడా. మంచి డాక్టర్లలోనూ చాలామంది తమ సర్వీసు మొత్తంలో ఒకటో రెండో కేసులు చూసి ఉంటారు. అందుకే ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాతో రోగి ఇంటివాళ్లకు కూడా తెలిసి ఉండాలి. హార్మోన్ పరీక్షలు ముందు. అవి అయ్యేదాకా గడ్డలో సూది పెట్టనివ్వకూడదు. క్యాన్సర్ అనుమానం ఉంటే మొదటి ఆపరేషనే చేయి తిరిగిన సర్జన్ చేతిలో జరగాలి. ఈ వరుస తప్పితే తర్వాత ఎంత ఖరీదైన మందు వాడినా ఆ నష్టం పూడటం కష్టం.

మొదటి పని: స్కాన్ రిపోర్ట్‌లో మూడు విషయాలు చూడండి

అడ్రినల్ గ్రంథులు రెండు. ఒక్కో కిడ్నీ మీద టోపీ పెట్టినట్టు ఒక్కోటి ఉంటుంది, బరువు నాలుగైదు గ్రాములే. పైపొర కార్టిసాల్, ఆల్డోస్టెరాన్, కొన్ని మగ హార్మోన్లు తయారు చేస్తుంది. లోపలి భాగం అడ్రినలిన్ తయారు చేస్తుంది. బీపీ, షుగర్, ఒంట్లో ఉప్పు, జబ్బు చేసినప్పుడు తట్టుకునే శక్తి, అన్నిటికీ ఈ గ్రంథులతో లంకె ఉంది.

రిపోర్ట్‌లో మొదట చూడాల్సింది సైజు. 4 సెం.మీ. దాటితే జాగ్రత్త పెరగాలి, 6 సెం.మీ. దాటితే ఇంకా. రెండోది హెచ్‌యూ అని రాసే అంకె. కాంట్రాస్ట్ మందు ఎక్కించకముందు తీసిన సీటీలో గడ్డ ఎంత చిక్కగా కనబడిందో అది చెబుతుంది. గడ్డ అంతా ఒకే తీరుగా ఉండి ఈ అంకె 10 లేదా అంతకంటే తక్కువ ఉంటే అది కొవ్వు ఎక్కువున్న మామూలు గడ్డే. హార్మోన్ పరీక్షలు కూడా బాగుంటే మళ్లీ మళ్లీ స్కాన్లు తీయించే పనే లేదు. 20 దాటితే, అందులోనూ సైజు పెద్దదైతే, తేలిగ్గా తీసుకోకూడదు. చాలా రిపోర్టుల్లో ఈ అంకె రాయరు. అలాంటప్పుడు సీడీ పట్టుకుని తిరిగి స్కాన్ సెంటర్‌కే వెళ్లి "కాంట్రాస్ట్ ముందు హెచ్‌యూ ఎంతుందో రాసివ్వండి" అని అడగండి. సీడీలో బొమ్మలు ఉంటాయి కాబట్టి ఆ పని చేయగలరు. ఫిల్మ్ కవర్‌తో పాటు ఆ సీడీని కూడా జాగ్రత్తగా దాచండి. ముందుముందు ప్రతి పెద్దాసుపత్రిలోనూ మొదట అడిగేది దాన్నే.

మూడోది, గడ్డ ఒకవైపే ఉందా, రెండువైపులా ఉందా అన్నది. రెండు అడ్రినల్స్ పెద్దవైతే మన దేశంలో టీబీ గురించి కూడా ఆలోచించాలి. ఇంకోచోట, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో, రొమ్ములో, కిడ్నీలో పుట్టిన క్యాన్సర్ అడ్రినల్‌కు పాకడమూ ఉంది. ఆ దారి వేరు, ఆ వైద్యం వేరు.

రెండో పని: ఒంట్లో వచ్చిన మార్పులు, వాడిన మందులు అన్నీ రాసి పెట్టుకోండి

డాక్టర్ దగ్గర కూర్చున్న పది నిమిషాల్లో అన్నీ గుర్తు రావు. ఇంట్లోనే ఒక కాగితం మీద రాయండి. ముఖం గుండ్రమవడం, పొట్ట పెరిగి కాళ్లు చేతులు సన్నబడటం, పొట్ట మీద ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, కొత్తగా షుగర్ లేదా బీపీ రావడం, ఇవి కార్టిసాల్ ఎక్కువైందనడానికి గుర్తులు. మా వదినకు ఇది మొదలైనప్పుడు ఒళ్లు చేసిందన్నారు అందరూ. జాకెట్టు చేతులు వదులయ్యాయి, పొట్ట దగ్గర మాత్రం హుక్కులు పడలేదు. బస్సు మెట్టు ఎక్కాలంటే రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కునేది. తొడల్లో బలం పోవడం ఈ జబ్బులో ముఖ్యమైన గుర్తని మాకెవరికీ తెలియదు. బీపీ మాత్రలు మాత్రం పెంచుకుంటూ పోయారు.

ఆడవాళ్లకు గడ్డం, మీసం మొలవడం, గొంతు బొంగురుపోవడం, నెలసరి ఆగిపోవడం కొద్ది నెలల్లోనే ముంచుకొస్తే పీసీఓడీ అనుకుని ఊరుకోకండి. పీసీఓడీలో మార్పులు మెల్లగా, ఏళ్ల తరబడి వస్తాయి. ఐదేళ్లలోపు పిల్లల్లో పెద్దవాళ్లలాగా వెంట్రుకలు, మొటిమలు, గొంతు మార్పు కనబడితే ఆ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఈ క్యాన్సర్ ఎక్కువగా కనబడే వయసులు రెండు: ఐదేళ్లలోపు, మళ్లీ నలభై, యాభైల్లో.

ఉన్నట్టుండి తలనొప్పి, ఒళ్లంతా చెమటలు, గుండె దడ, ఆ సమయంలో బీపీ ఆకాశానికి ఎక్కడం, కాసేపటికి అన్నీ సర్దుకోవడం, ఇది వేరే గడ్డ. దాన్ని ఫియోక్రోమోసైటోమా అంటారు, లోపలి భాగంలో పుడుతుంది. ఎప్పుడెప్పుడు వచ్చిందో, అప్పుడు బీపీ ఎంతుందో తేదీ వేసి రాయండి.

మందుల జాబితా దగ్గర మాత్రం మొహమాటం వద్దు. మన రాయలసీమ జిల్లాల్లో మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి, ఒంటి నొప్పులకు పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో, పేరు రాయని పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం మామూలు. నెలల తరబడి వాడితే గడ్డ లేకపోయినా ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది, పరీక్షలు కూడా తారుమారవుతాయి. తెల్లబడటానికి ముఖానికి రాసే క్రీములు, ఆయాసానికి పీల్చే మందు, కీళ్లలో వేయించుకున్న ఇంజెక్షన్, అన్నీ చెప్పండి. అతిమధురం కలిసిన చూర్ణాలు వాడుతుంటే అది కూడా. అతిమధురం బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది కాబట్టి ఆల్డోస్టెరాన్ జబ్బులాగే కనబడుతుంది. ఒక్క హెచ్చరిక: చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నారని తెలిస్తే భయపడి ఒక్కసారిగా మానేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

మూడో పని: హార్మోన్ పరీక్షలు

ఎండోక్రైనాలజిస్టు అనే హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కార్టిసాల్ పరీక్షకు రాత్రి 11 గంటలకు 1 మి.గ్రా. డెక్సామెథసోన్ ఇచ్చి, పొద్దున 8 గంటలకు రక్తం తీస్తారు. కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు లేదా అంతకంటే తక్కువకు దిగితే మామూలు. మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది అర మి.గ్రా. మాత్ర, అంటే రెండు వేసుకోవాలి. ఇక్కడ పొరపాటు జరిగితే పరీక్ష మొత్తం వృథా కాబట్టి పట్టీ మీద అంకె చూసి వేసుకోండి, వేసుకున్న టైమ్ రాసుకోండి.

ఫియోక్రోమోసైటోమా లేదని తేల్చడానికి మెటానెఫ్రిన్స్ పరీక్ష చేస్తారు. రక్తంలో అయితే ఇరవై, ముప్పై నిమిషాలు పడుకోబెట్టి తీయాలి. మూత్రంలో అయితే 24 గంటల మూత్రం పట్టాలి. ల్యాబ్ వాళ్లు పెద్ద క్యాన్ ఇస్తారు. పొద్దున లేచాక మొదటి మూత్రం బయట పోసేసి టైమ్ రాసుకోండి. ఆ తర్వాత పగలూ రాత్రీ వచ్చిన ప్రతి చుక్కా క్యాన్‌లో పోయాలి, మర్నాడు అదే టైమ్‌కు వచ్చిన మూత్రంతో ముగించాలి. క్యాన్ అడుగున యాసిడ్ పోసి ఇస్తారు చాలాచోట్ల, కాబట్టి నేరుగా అందులో పోయకుండా మగ్గులో పట్టి మెల్లగా వంచండి. పిల్లలకు అందనీయకండి. మన ఎండలకు బయట పెట్టకుండా చల్లని చోట ఉంచాలి. డిప్రెషన్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, పారాసిటమాల్ ఈ పరీక్షను చెడగొడతాయి కాబట్టి ఏవి ఆపాలో ముందే అడగండి, మీ అంతట మీరు ఆపకండి.

బీపీ ఉన్నా, పొటాషియం తక్కువున్నా ఆల్డోస్టెరాన్, రెనిన్ చూస్తారు. క్యాన్సర్ అనుమానం ఉంటే మగ హార్మోన్ల కోవలోని డీహెచ్‌ఈఏ సల్ఫేట్ కూడా. అన్నీ ఆపరేషన్‌కు ముందే కావాలి, తర్వాత చేసి లాభం లేదు.

సూది పరీక్ష గురించి

క్యాన్సర్ అనగానే "ముక్క తీసి పరీక్ష చేయించారా?" అని బంధువులు అడుగుతారు. రొమ్ము గడ్డకు అది సరైన పద్ధతే. అడ్రినల్‌కు మాత్రం వద్దు. అది ఫియోక్రోమోసైటోమా అయితే సూది తగిలిన వెంటనే బీపీ ప్రమాదకరంగా పెరిగి మనిషే పోవచ్చు. క్యాన్సర్ అయితే గడ్డ మీది పొర చిరిగి కణాలు చుట్టూ చిందుతాయి. పోనీ ముక్క తీసినా, పైపొర గడ్డల్లో మంచిదో చెడ్డదో ఆ చిన్న ముక్కతో గట్టిగా చెప్పలేరు. ఇంకోచోట క్యాన్సర్ ఉండి అక్కడి నుంచి పాకిందా అని తేల్చాల్సి వస్తేనో, ఆపరేషన్ కుదరని స్థితిలో మందు మొదలుపెట్టాలంటేనో సూది మాట వస్తుంది, అదీ మెటానెఫ్రిన్స్ మామూలుగా ఉన్నాయని తేలాకే. ఎవరైనా తొందరపెడితే "మెటానెఫ్రిన్స్ రిపోర్ట్ వచ్చాక చూద్దాం సార్" అని చెప్పే హక్కు మీకుంది.

ఎక్కడికి వెళ్లాలి, డబ్బు సంగతి ఏంటి

మొదటి పరీక్షలకు, రెఫరల్‌కు కర్నూలు సర్వజన వైద్యశాల, కడప రిమ్స్, అనంతపురం పెద్దాసుపత్రి ఉన్నాయి. కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. క్యాన్సర్ అనుమానం గట్టిగా ఉంటే మాత్రం హార్మోన్ల డాక్టర్, సర్జన్, క్యాన్సర్ డాక్టర్ ఒకేచోట కూర్చుని మాట్లాడుకునే ఆసుపత్రి కావాలి. కడప వాళ్లకు తిరుపతి స్విమ్స్, అక్కడి నుంచి రైల్లో వెళ్తే వెల్లూరు సీఎంసీ. కర్నూలు వాళ్లకు హైదరాబాద్ నిమ్స్. అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర, అక్కడ కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఊరు దగ్గరా దూరమా అన్నదాని కంటే "ఇక్కడ ఏడాదికి ఎన్ని అడ్రినల్ ఆపరేషన్లు చేస్తారు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు చూసి ఆసుపత్రిని ఎంచుకోండి. యూరప్ డాక్టర్ల సంఘాల మార్గదర్శకాలు ఈ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసే సర్జన్ ఏడాదికి కనీసం 6 అడ్రినల్స్ తీసి ఉండాలని, 20 దాటితే మంచిదని అంటాయి. ఈ ప్రశ్న అడిగితే మంచి సర్జన్ ఎవరూ కోప్పడరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అడ్మిట్ అయ్యాక అడిగితే ఆలస్యం, కాబట్టి ఓపీ రోజే హెల్ప్ డెస్క్‌లో కూర్చునే మిత్రను కలిసి ఈ ఆపరేషన్‌కు, ఈ ఆసుపత్రిలో అనుమతి వస్తుందా అని అడగండి. 104కు ఫోన్ చేసీ కనుక్కోవచ్చు. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు నాలుగైదు సెట్లు సంచిలో ఉండాలి. రాష్ట్రం బయట ఖర్చు పెడితే బిల్లులు, డిశ్చార్జ్ కాగితం ఒరిజినల్స్ దాచి, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. దానికి ఆసుపత్రి సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం కావాలి.

ఆపరేషన్ ముందు, ఆపరేషన్ రోజు

చిన్న మామూలు గడ్డలను, హార్మోన్ చేసే చిన్న గడ్డలను లాప్రోస్కోపీతో తీస్తారు. మూడు నాలుగు చిన్న రంధ్రాలు, రెండు మూడు రోజుల్లో ఇల్లు. క్యాన్సర్ అనుమానం ఉన్న పెద్ద గడ్డకు కడుపు కోసి తీయడమే భద్రం. గడ్డ పొర పగలకుండా, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, అంటుకుని ఉంటే పక్క అవయవం ముక్కతో సహా, ఒకే ముద్దగా బయటికి రావాలి. కోత పెద్దదని భయపడి లాప్రోస్కోపీ కోసం పట్టుబట్టకండి. ఈ క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేయగలిగేది ఆ ఒక్క ఆపరేషనే, లోపల ఏమీ మిగల్చకుండా తీయడంలోనే అంతా ఉంది.

ఫియోక్రోమోసైటోమా అయితే ఆపరేషన్‌కు కనీసం ఒకటి రెండు వారాల ముందు నుంచి ప్రాజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్ మాత్రలు (రక్తనాళాలను వదులు చేసి బీపీ తగ్గించేవి) వేస్తారు. వీటితో పాటు ఉప్పు, నీళ్లు బాగా తీసుకోమంటారు. బీపీ మనిషిని ఉప్పు తినమంటారేంటి అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు, కానీ ఇక్కడ డాక్టర్ మాటే వినండి. గుండె దడకు బీటా బ్లాకర్ ఇచ్చేది ఆల్ఫా బ్లాకర్ పని చేయడం మొదలయ్యాకే.

కార్టిసాల్ చేసే గడ్డ తీసేస్తే రెండో వైపు గ్రంథి వెంటనే పని అందుకోదు, అన్నాళ్లూ పనిలేక నిద్రపోయి ఉంటుంది. అందుకే నెలల తరబడి హైడ్రోకార్టిసోన్ మాత్రలు, అంటే కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే స్టెరాయిడ్, వాడాలి. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే, లేదా కళ్లు తిరిగి పడిపోతుంటే, ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లి 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వేయించాలి. "ఈ మనిషి స్టెరాయిడ్ మీద ఉన్నారు, ఆపకూడదు" అని తెలుగులో, ఇంగ్లీషులో రాసిన చీటీ జేబులో, ఫోన్ కవర్ వెనక పెట్టండి. మాత్రలు ఊళ్లో దొరక్కపోవచ్చు. రెండు వారాలకు సరిపడా ఉండగానే టౌన్ నుంచి తెప్పించుకోండి.

గడ్డ రిపోర్ట్ వచ్చాక

ల్యాబ్ రిపోర్ట్‌లో వైస్ స్కోర్ చూడండి. మైక్రోస్కోప్‌లో కనబడిన చెడు గుర్తులను లెక్కవేసిన అంకె అది. 3 లేదా అంతకంటే ఎక్కువైతే క్యాన్సర్ కింద లెక్క. కేఐ-67 అనే శాతం కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చెబుతుంది. 10 దాటితే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా లేదా అన్నది మూడోది. స్టేజ్ సంగతికొస్తే, 5 సెం.మీ. లోపు ఒకటి, దాటితే రెండు, చుట్టుపక్కలకో లింఫ్ గ్రంథులకో పెద్ద రక్తనాళంలోకో పాకితే మూడు, దూరపు అవయవాలకు చేరితే నాలుగు. జర్మనీ రిజిస్ట్రీ లెక్కల్లో ఐదేళ్లకు ఈ జబ్బును తట్టుకుని నిలిచినవాళ్లు మొదటి స్టేజ్‌లో 82 శాతం, రెండో దాంట్లో 61, మూడులో 50, నాలుగులో 13. ఇవి 2009లో వచ్చిన లెక్కలు. రోగి అడిగితేనే చెప్పండి, అడక్కుండా చెప్పి కుంగదీయకండి.

తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు మైటోటేన్ ఇస్తారు. ఈ క్యాన్సర్ కోసమే అమెరికాలో 1970లో అనుమతి పొందిన మందు ఇది. మలేరియా రోజుల్లో ఇళ్ల గోడలకు కొట్టిన డీడీటీకి దగ్గరి చుట్టం. అడ్రినల్ కణాలను పనిగట్టుకుని చంపుతుంది. ప్రమాదం తక్కువని తేలినవాళ్లకు ఇది లేకుండా గమనిస్తూ ఉన్నా సరిపోతుందని 2023లో వచ్చిన పరిశోధన చూపింది కాబట్టి "మాకు తప్పనిసరా?" అని అడగండి. కొవ్వున్న ఆహారంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. నెయ్యి వేసిన అన్నం, చిక్కటి పాలు, మన చెనిక్కాయల చట్నీ పెట్టుకున్న టిఫిన్ తర్వాత వేసుకోవచ్చు. వికారం, విరేచనాలు, తల తిరగడం, మతిమరుపు, మాట తడబడటం రావచ్చు. రక్తంలో మందు లీటరుకు 14 నుంచి 20 మి.గ్రా. మధ్య ఉండాలి, అందుకు కొన్ని వారాల నుంచి నెలలు పడుతుంది. మంచి గ్రంథిని కూడా ఇది దెబ్బతీస్తుంది, పైగా స్టెరాయిడ్‌ను ఒంట్లో త్వరగా కరిగించేస్తుంది. అందుకే హైడ్రోకార్టిసోన్ మామూలు కంటే ఎక్కువ మోతాదులో ఇస్తారు. హైడ్రోకార్టిసోన్ మానితే మైటోటేన్ పని చేసేలోపే మనిషి పడిపోతాడు. ఇది వాడుతుండగా గర్భం రాకూడదు. ఏ డాక్టర్ కొత్త మందు రాసినా మైటోటేన్ వాడుతున్నామని చెప్పాలి, చాలా మందుల పనిని అది మార్చేస్తుంది.

జబ్బు పాకినవాళ్లకు మైటోటేన్‌తో పాటు ఎటోపోసైడ్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ కలిపి కీమో ఇస్తారు. 2012లో వచ్చిన 304 మంది పరిశోధనలో గడ్డలు తగ్గినది దాదాపు నలుగురిలో ఒకరికి. అందుకే మొదటి రోజు నుంచే నొప్పి తగ్గించే డాక్టర్‌ను కూడా కలపమని అడగండి. ఎముకల్లో నొప్పికి రేడియేషన్ బాగా పని చేస్తుంది, కొంతమందికి ఆపరేషన్ చేసిన చోట కూడా ఇస్తారు. డబ్బంతా చివరి మందుకే పోసి, ఆ మనిషి నొప్పితో పడుకుని ఉంటే అది నాకు వైద్యమనిపించదు.

ఆ తర్వాత ఏళ్లు

మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి ఛాతీ, పొట్ట స్కాన్, హార్మోన్ పరీక్షలు. తర్వాత ఎడం పెంచుతారు, కనీసం ఐదేళ్లు ఆపకూడదు. ముందు ఎక్కువగా ఉన్న హార్మోన్ మళ్లీ పెరగడం తిరగబెట్టిందనడానికి తొలి గుర్తు కావచ్చు. గడ్డం మళ్లీ మొలవడం, ముఖం మళ్లీ ఉబ్బడం కనబడితే తేదీ దాకా ఆగకుండా వెళ్లండి. ఒక్కచోటే తిరగబెడితే మళ్లీ ఆపరేషన్ చేసే అవకాశం ఉంటుంది.

మన వైపు ఇలాంటిది రాగానే మేనరికం వల్లే అని తల్లినో అత్తనో నిందిస్తారు. ఇది మేనరికం జబ్బు కాదు. కొన్ని కుటుంబాల్లో టీపీ53 అనే జన్యువులో లోపం ఉంటుంది, అది తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. పిల్లలకు వచ్చే అడ్రినల్ క్యాన్సర్‌లో సగానికి పైగా ఈ లోపమే కనబడుతుంది. కాబట్టి బిడ్డకు ఈ జబ్బు వచ్చినా, ఇంట్లో చిన్న వయసులో రొమ్ము, ఎముక, మెదడు క్యాన్సర్లు ఉన్నా జన్యు పరీక్ష గురించి అడగండి. ఫియోక్రోమోసైటోమా వచ్చిన ప్రతి ఒక్కరూ అడగాలి, అందులో మూడో వంతు దాకా వంశంలో వచ్చేవే. లోపం ఉందని తేలితే తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించండి.